ఒక్క వాక్యం.. పింఛనుకు గండం
వైకల్య పింఛను తిరస్కరించారా? అప్పీళ్లలో న్యాయస్థానాలు ఏం చూస్తున్నాయి?

తాడేపల్లిగూడెం: మండలంలోని మాధవరం గ్రామాన్ని ఈ ప్రాంతంలో ఎవరూ ఉత్త మాధవరం అనరు. మిలటరీ మాధవరం అంటేనే చిరునామా తెలుస్తుంది. రెండు ప్రపంచ యుద్ధాలకు బిడ్డలను పంపిన ఊరది. ఆ ఊళ్లోనే కాదు, చుట్టుపక్కల పల్లెల్లోనూ మాజీ సైనికుల ఇళ్లకు వెళ్లే విలేకరికి గోడల మీది పతకాలకంటే, ఫొటోలకంటే ముందుగా అటక మీది ట్రంకు పెట్టె గుర్తుండిపోతుంది. అందులో డిశ్చార్జి పుస్తకం ఉంటుంది. ఆసుపత్రి కాగితాలుంటాయి. కొందరి పెట్టెల్లో రికార్డు ఆఫీసు నుంచి వచ్చిన ఒక ఉత్తరం కూడా ఉంటుంది. ఆంగ్లంలో ఉన్న ఆ ఉత్తరంలోని ముఖ్యమైన వాక్యాన్ని తెలుగులో చెప్పాలంటే ఇంతే: ‘ఈ వైకల్యం సైనిక సేవ వల్ల కలిగినది కాదు, సైనిక సేవ వల్ల తీవ్రమైనదీ కాదు’.

ఆరోగ్యం దెబ్బతిని సైన్యం నుంచి ఇంటికి వచ్చిన జవానుకు వైకల్య పింఛను వస్తుందా రాదా అన్నది ఈ ఒక్క వాక్యం మీదనే ఆధారపడి ఉంది. ట్రిబ్యునళ్ల నుంచి సుప్రీంకోర్టు వరకు దేశవ్యాప్తంగా దశాబ్దాలుగా నడుస్తున్న వ్యాజ్యాల్లో అధిక భాగం ఈ వాక్యం చుట్టూ తిరుగుతున్నవే. అటువంటి ఉత్తరాన్ని చూపించిన ఒక మాజీ జవాను, దీనిపై ఇక చేయగలిగింది ఏమీ లేదని ఎవరో చెబితే ఏళ్ల క్రితమే వదిలేశానని అన్నారు. చెప్పిన వారు ఎవరో ఆయనకు గుర్తులేదు. కానీ ఆ మాట నిజం కాదు. అది అంతిమ నిర్ణయం కాదని, దానిని ప్రశ్నించి గెలిచిన వారు ఎందరో ఉన్నారని చెప్పడానికే ఈ కథనం.

పోయేది ఎంత?

సైన్యంలో జవానుకు సాధారణ పింఛను రావాలంటే 15 ఏళ్ల సర్వీసు పూర్తి కావాలి. తొమ్మిదేళ్లకో, ఆరేళ్లకో జబ్బుపడి, వైద్య కారణాలతో బయటకు పంపబడిన వాడికి ఆ పింఛను దక్కదు. అతనికి మిగిలిన ప్రధాన ఆధారం వైకల్య పింఛనే. దీనిలో రెండు భాగాలున్నాయి. ఒకటి సేవా భాగం, రెండవది వైకల్య భాగం. వైకల్యం సేవ వల్లనే కలిగిందని అంగీకరిస్తే, సర్వీసు ఎంత తక్కువైనా సేవా భాగం లభిస్తుంది. 2006 తరువాతి నిబంధనల ప్రకారం అది చివరి వేతనంలో సగం. వైకల్య భాగం నూటికి నూరు శాతం వైకల్యానికి చివరి వేతనంలో 30 శాతం. వైకల్యం తగ్గేకొద్దీ ఇదీ తగ్గుతుంది.

ఉదాహరణకు చివరి వేతనం రూ.40 వేలు అనుకుందాం. సేవా భాగం రూ.20 వేలు. వైకల్యం 20 శాతంగా లెక్కిస్తే వైకల్య భాగం రూ.2,400. దానిపై కరువు భత్యం అదనం. అదే వైద్య మండలి ‘సేవకు సంబంధం లేదు’ అని రాస్తే ఈ రెండు భాగాలూ లేనట్టే. చిన్న వయసులోనే ఉద్యోగం పోయి, ఒంట్లో జబ్బుతో, మరో కొలువు దొరకక ఊరికి చేరిన మనిషికి ఈ తేడా ఏమిటో వివరించనక్కరలేదు.

సైన్యం నుంచి వెళ్లేముందు సైనిక వైద్యులతో కూడిన మెడికల్ బోర్డు జవానును పరీక్షిస్తుంది. జబ్బు ఏమిటి, ఎప్పుడు మొదలైంది, ఎంత శాతం, ఎంతకాలం ఉంటుంది, సేవతో సంబంధం ఉందా లేదా అన్నవి నమోదు చేస్తుంది. వైకల్యం 20 శాతం లేదా అంతకు మించి ఉండాలి, సేవతో సంబంధం ఉండాలి. ఈ రెండు షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా క్లెయిము తిరస్కరిస్తారు. 20 శాతం దాటిన కేసుల్లోనూ రెండవ షరతు వద్దే ఎక్కువ మంది ఆగిపోతున్నారు.

దారి చూపిన ధరమ్‌వీర్ సింగ్ కేసు

ఈ విషయంలో 2013కు ముందు ఒక కథ, తరువాత ఒక కథ. వైద్య మండలి అభిప్రాయమే ప్రధానమని, నిపుణులు చెప్పినదానిని న్యాయస్థానాలు సులభంగా పక్కన పెట్టరాదని సుప్రీంకోర్టు అంతకుముందు పలు కేసుల్లో పేర్కొంది. 2009 నాటి ఎ.వి.దామోదరన్ కేసు వాటిలో ఒకటి. ఆ తీర్పులను చూపి ఎంతో మంది అప్పీళ్లను తోసిపుచ్చారు.

ధరమ్‌వీర్ సింగ్ 1985లో సైన్యంలోని సిగ్నల్స్ విభాగంలో చేరారు. సుమారు తొమ్మిదేళ్లు పనిచేశారు. మూర్ఛవ్యాధి ఉందని, 20 శాతం శాశ్వత వైకల్యమని తేల్చి 1994లో ఆయనను ఇంటికి పంపారు. వ్యాధి సేవ వల్ల వచ్చినది కాదని మెడికల్ బోర్డు రాసింది. పింఛను తిరస్కరించారు. ఆయన హైకోర్టుకు వెళ్లారు. ఏకసభ్య ధర్మాసనం ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. ద్విసభ్య ధర్మాసనం దానిని రద్దు చేసింది. చివరకు 2013 జులై 2న సుప్రీంకోర్టు ఆయనకు పింఛను ఇవ్వాల్సిందేనని తీర్పు వెలువరించింది. ఇంటికి వచ్చిన 19 ఏళ్లకు దక్కిన న్యాయమది.

ఆ తీర్పులో కొత్త చట్టమేదీ లేకపోవడం విశేషం. అప్పటికే పుస్తకంలో ఉన్న 1982 నాటి అర్హత నిబంధనలనే న్యాయమూర్తులు శ్రద్ధగా చదివారు. ఆ నిబంధనల్లో ఏముంది? సైన్యంలో చేరేనాటికి వైద్య పరీక్షలో ఏ జబ్బూ ఉన్నట్లు నమోదు కాకపోతే ఆ వ్యక్తి సంపూర్ణ ఆరోగ్యవంతుడనే భావించాలి. ఆ తరువాత ఆరోగ్యం క్షీణించి బయటకు పంపితే, ఆ క్షీణతకు సేవే కారణమని భావించాలి. సంబంధం ఉందని నిరూపించే భారం జవానుపై లేదు. లేదని చెప్పదలచుకుంటే నిరూపించాల్సింది యాజమాన్యమే. సహేతుకమైన అనుమానం ఉంటే దాని లబ్ధి జవానుకే చెందాలి. చేరేటప్పటి పరీక్షలో ఈ జబ్బును కనిపెట్టడం సాధ్యం కాదని వైద్యులు భావిస్తే, ఆ మాట ఊరకే అంటే చాలదు, అందుకు కారణాలు రాయాలి.

ధరమ్‌వీర్ సింగ్ కాగితాల్లో చేరిన నాటి జబ్బు ఏదీ నమోదై లేదు. మెడికల్ బోర్డు తన అభిప్రాయానికి కారణమేదీ చూపలేదు. పింఛను మంజూరు చేయాల్సిన అధికారి నిబంధనలను గమనించకుండా బోర్డు మాటనే యాంత్రికంగా ఆమోదించారని న్యాయస్థానం తప్పుపట్టింది. రెండేళ్ల తరువాత, 2015 ఫిబ్రవరిలో రాజ్‌బీర్ సింగ్ కేసులోనూ సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని మళ్లీ స్పష్టం చేసింది.

పొలం గట్టు తగాదాలో సైతం ఆరోపించిన వాడే సాక్ష్యం తేవాలన్నది మన పల్లెల్లో అందరికీ తెలిసిన న్యాయం. సైనికుడి విషయంలో నిబంధనే ఆ మాట చెబుతుండగా, జబ్బుపడ్డ జవానునే సాక్ష్యం తెమ్మనడం ఇన్నేళ్లపాటు సాగడం ఆశ్చర్యం కలిగించే విషయం.

20 శాతం.. 50 శాతం..

వైకల్యం 20 శాతంకంటే తక్కువని చెప్పి తిరస్కరించిన కేసులూ ఉన్నాయి. దీనిపై 2014 జూన్‌లో సుఖ్‌విందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆసక్తికరమైన ప్రశ్న వేసింది. సేవ నుంచి తప్పించవలసినంత వైకల్యం ఉందని మీరే చెబుతున్నప్పుడు, పింఛను దగ్గరకు వచ్చేసరికి అది స్వల్పమని ఎలా అంటారన్నది దాని సారాంశం. వైద్య కారణాలతో బయటకు పంపితే ఆ వైకల్యం 20 శాతానికి మించినదిగానే భావించాలని ధర్మాసనం పేర్కొంది.

మరొక మలుపు శాతాల సవరణ. 50 శాతానికి లోపు వైకల్యాన్ని 50గా, 50 నుంచి 75 వరకు ఉన్నదానిని 75గా, 76 నుంచి 100 వరకు ఉన్నదానిని 100గా లెక్కించాలని కేంద్రం 2001 జనవరి 31న ఉత్తర్వు ఇచ్చింది. అయితే వైద్య కారణాలతో సేవ మధ్యలో పంపిన వారికే ఈ లబ్ధి వర్తిస్తుందని చెప్పింది. పూర్తి కాలం పనిచేసి, వైకల్యంతోనే పదవీ విరమణ చేసిన వారి మాటేమిటి? 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు వారికీ ఇది వర్తిస్తుందని తేల్చింది. పైన చెప్పిన ఉదాహరణలో రూ.2,400 ఉన్న వైకల్య భాగం దీనితో రూ.6 వేలు అవుతుంది. ఈ సవరణ ఇప్పటికీ అందని పాత పింఛనుదారులు తమ పీపీఓలో వైకల్య శాతం ఎంతని ఉందో ఒకసారి చూసుకోవడం అవసరం.

అందరూ గెలవడం లేదు

అప్పీలు చేస్తే పింఛను వచ్చినట్లేనని ఎవరైనా చెబితే నమ్మరాదు. సెలవుపై ఇంటికి వచ్చి రోడ్డు ప్రమాదంలో గాయపడిన జుఝార్ సింగ్‌కు 2011లో సుప్రీంకోర్టులో చుక్కెదురైంది. సెలవులో ఉన్నవాడు సైతం సేవలో ఉన్నట్లే లెక్క అయినా, గాయానికి, సైనిక విధికి మధ్య ఏదో ఒక సంబంధం కనిపించాలని న్యాయస్థానం చెప్పింది. సొంత పనిమీద వెళుతూ పడిపోతే ఆ సంబంధం ఉండదు. విధులకు వెళుతూ లేదా తిరిగి వస్తూ ప్రమాదానికి గురైతే పరిస్థితి వేరు. తన తీవ్ర నిర్లక్ష్యం లేదా దుష్ప్రవర్తన వల్ల తెచ్చుకున్న వైకల్యానికీ పింఛను కష్టమే.

మానసిక వ్యాధుల విషయం మరింత జటిలం. 2019 అక్టోబరులో నర్సింగ్ యాదవ్ కేసులో స్కిజోఫ్రీనియాతో బయటకు వచ్చిన జవాను అప్పీలును సుప్రీంకోర్టు తిరస్కరించింది. ఇటువంటి వ్యాధిని చేరేటప్పటి పరీక్షలో గుర్తించడం సాధ్యం కాదని, మధ్యమధ్య అది బయటపడకుండా ఉండవచ్చునని, కాబట్టి చేరినప్పుడు నమోదు కాలేదన్న ఒక్క కారణంతో సేవే దానికి మూలమని భావించలేమని ధర్మాసనం అభిప్రాయపడింది. ఈ తీర్పును ధరమ్‌వీర్ సింగ్ తీర్పు పక్కన పెట్టి చదివితే, ఒకే రకం కాగితాలతో వెళ్లిన ఇద్దరికి జబ్బును బట్టి వేర్వేరు ఫలితాలు రావచ్చునని అర్థమవుతుంది. మానసిక వ్యాధి కేసుల్లో జవాను ఎక్కడ, ఎటువంటి ఒత్తిడిలో పనిచేశాడో చూపే రికార్డు మరింత కీలకం.

రక్తపోటు, మధుమేహం కేసుల్లో తరచుగా వినిపించే వాదన వేరు. జబ్బు మొదలైనప్పుడు ఆ జవాను సరిహద్దులో లేడు, ప్రశాంత ప్రాంతంలో ఉన్నాడు కాబట్టి సేవకు సంబంధం లేదంటారు. ఇంకొన్నిటిలో జీవనశైలి జబ్బు అని రాసి ముగిస్తారు. జబ్బు ప్రశాంత ప్రాంతంలో బయటపడిందన్న ఒక్క కారణంతో పింఛను నిరాకరించరాదని, మరి అది దేనివల్ల వచ్చిందో బోర్డు కారణం చూపాలని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఒక మధుమేహం కేసులో స్పష్టం చేసింది. ఇరవై ఏళ్లు ఎండలో, మంచులో, నిద్రలేని కాపలాల్లో గడిపిన శరీరం ఏ స్టేషనులో ఉన్నప్పుడు మొరాయించిందన్నది ఒక్కటే కొలమానం కాజాలదు. అదే ఏడాది ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు, సియాచిన్‌లో పనిచేసి మూర్ఛ కారణంగా 1989లో ఇంటికి వచ్చిన బిజేందర్ సింగ్‌కు వైకల్య పింఛను ఇవ్వాలని ఆదేశించింది. మధ్యలో గడిచిన కాలం 36 సంవత్సరాలు.

ఎక్కడికి వెళ్లాలి?

తిరస్కరణ ఉత్తరం అందిన తరువాత మొదటి మెట్టు సైనిక ప్రధాన కార్యాలయంలోని మొదటి అప్పీళ్ల కమిటీ. దీనికి ఆరు నెలల గడువు ఉంటుంది. అక్కడ కాదంటే రెండవ అప్పీలు కమిటీ ఉంది. ఈ రెండూ శాఖాపరమైనవి. ఆ పైది సాయుధ దళాల ట్రిబ్యునల్. 2007 నాటి చట్టంతో ఏర్పడి 2009 నుంచి పనిచేస్తోంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మాజీ సైనికుల కేసులు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. న్యాయవాదిని పెట్టుకోవచ్చు, స్వయంగానూ వాదించుకోవచ్చు. శాఖాపరమైన అప్పీలు చేసి ఆరు నెలలు గడిచినా జవాబు రాకపోతే ఆ మెట్టు ముగిసినట్లే భావించి ట్రిబ్యునల్‌ను ఆశ్రయించే వీలు చట్టంలోనే ఉంది. ఏళ్లతరబడి జవాబు కోసం పోస్టుమ్యాన్ దారి చూసే వారికి ఈ సంగతి తెలియదు.

ట్రిబ్యునల్‌లో ఓడితే? సుప్రీంకోర్టుకు వెళ్లడానికి ఆ కేసులో ప్రజా ప్రాధాన్యం గల న్యాయసూత్రం ఇమిడి ఉండాలన్న షరతు ఉంది. జవానులకు ఇది దాదాపు మూసిన తలుపు. 2015లో వచ్చిన ఒక తీర్పు హైకోర్టు తలుపునూ మూసినంత పని చేసింది. 2023 మార్చిలో పరశోత్తమ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు ఆ తలుపు తిరిగి తెరిచింది. ట్రిబ్యునల్ తీర్పులపై హైకోర్టులో రిట్ వేయడానికి అడ్డు లేదని చెప్పింది. ఇది రెండు వైపులా పదునున్న కత్తి. ట్రిబ్యునల్‌లో గెలిచిన జవానులపై కేంద్రం సైతం హైకోర్టులకు వెళుతోంది. పైన చెప్పిన ఢిల్లీ కేసు అటువంటిదే.

ప్రభుత్వ వాదన కూడా వినాలి. పదవీ విరమణ దగ్గర పడగానే చిన్నపాటి రక్తపోటును చూపి వైకల్య పింఛను పొందుతున్నవారు, ముఖ్యంగా అధికారుల్లో ఉన్నారని, యుద్ధంలో కాలు పోగొట్టుకున్న వాడికి ఉద్దేశించినది ఇలా పలుచనవుతోందని రక్షణ శాఖ వర్గాలు అంటున్నాయి. ఇందులో నిజం లేకపోలేదు. అయితే దానికి మందు పరీక్షలను కట్టుదిట్టం చేయడమే తప్ప, తొమ్మిదేళ్ల సర్వీసుతో మూర్ఛవ్యాధి తెచ్చుకున్న జవానును సుప్రీంకోర్టు వరకు నడిపించడం కాదు. తీర్పులతో తేలిపోయిన అంశాలపై మళ్లీ మళ్లీ అప్పీళ్లకు వెళ్లడం మానుకోవాలని, 2015లో అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ నియమించిన నిపుణుల కమిటీయే సూచించిన సంగతి గమనార్హం.

2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త అర్హత నిబంధనలు అమలులోకి వచ్చాయి. పూర్తి కాలం పనిచేసి వైకల్యంతో విరమించే వారికి వైకల్య భాగానికి బదులుగా వేరే పేరుతో ఒక ఉపశమన మొత్తాన్ని ప్రవేశపెట్టారు. ఆ తేదీకి ముందు బయటకు వచ్చిన వారికి ఈ నిబంధనలు వర్తించవు. పాత ఉత్తరంతో వెళ్లిన వారికి ఎక్కడైనా కొత్త నిబంధన చూపిస్తే, తాము ఇంటికి వచ్చిన తేదీని గుర్తుచేయాలి.

ఆలస్యమైతే నష్టమెంత?

ఇన్నేళ్ల తరువాత వెళితే విననే వినరేమోనని చాలామంది భయం. పింఛను నెలనెలా అందాల్సినది కాబట్టి, అది అందని ప్రతి నెలా అన్యాయం కొనసాగుతున్నట్లేనని 2008 ఆగస్టులో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన 1983లో బయటకు వచ్చి 16 ఏళ్ల తరువాత కోర్టు మెట్లెక్కారు. ఆలస్యం పేరుతో ఆయనకు పింఛను నిరాకరించలేదు. కానీ బకాయిలను మాత్రం కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్లకే పరిమితం చేశారు. మిగిలిన 13 ఏళ్ల సొమ్ము పోయినట్లే. గడిచే ప్రతి నెలా ఒక నెల బకాయి చేజారిపోతుంది.

వెళ్లేముందు కావలసినవి ఎక్కువేమీ కావు. డిశ్చార్జి పుస్తకం, తిరస్కరణ ఉత్తరం, చేరేనాటి వైద్య పరీక్ష కాగితం, మెడికల్ బోర్డు నివేదిక. చివరి రెండూ చాలామంది దగ్గర ఉండవు. సమాచార హక్కు చట్టం కింద తమ రికార్డు ఆఫీసుకు దరఖాస్తు చేసి నకలు అడగవచ్చు. నంబరు, ర్యాంకు, పేరు, బయటకు వచ్చిన తేదీ స్పష్టంగా రాయాలి. నివేదిక చేతికి వచ్చాక మొదట చూడవలసినది, సేవకు సంబంధం లేదని రాసిన గడి పక్కన కారణం ఉందా లేదా అన్నది. జవాను మరణించి ఉంటే ఆయనకు రావలసిన బకాయిల కోసం భార్య సైతం పోరాడవచ్చు. దరఖాస్తులు రాయడంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం సాయం చేస్తుంది.

ఏళ్ల క్రితమే వదిలేశానన్న మాజీ జవాను తన మెడికల్ బోర్డు కాగితాన్ని ఇంతవరకు చూడనే లేదట. గత వారం ఆయన తన మనుమడితో రికార్డు ఆఫీసుకు దరఖాస్తు రాయించి, తాడేపల్లిగూడెం పోస్టాఫీసులో రిజిస్టరు చేయించారు.